నాన్న పీపా బిరడా

మా ఊళ్ళో ఇంటి పెద్ద పోతే పీపాలకి చెప్పాలి. చర్చి గంట మోగేలోపే ఎవరో ఒకరు నేలమాళిగలోకి దిగి, కొయ్యసుత్తితో ఒక్కో పీపా మీదా తట్టి, "మీ యజమాని పోయాడు" అని చెప్పి రావాలి. చెప్పకపోతే వైన్ అలిగి విరిగిపోతుందంటారు. నువ్వు నమ్ముతావా అని నన్ను అడక్కండి. నమ్మినా నమ్మకపోయినా చెప్పాల్సిందే, అంతే.

నాన్న పోయిన రోజు ఆ సుత్తి దగ్గరే నా అన్నదమ్ములిద్దరూ కీచులాడుకున్నారు. పెద్దవాడు లాంబెర్ట్, నాకు అన్న. చిన్నవాడు క్విరిన్, నాకు తమ్ముడు. మధ్యలో నేను, వాల్‌బుర్గా. పుట్టినప్పట్నించీ ఆ ఇద్దరి మధ్యా తడికలా నిలబడ్డమే నా ఉద్యోగం. పైన నాన్న శవం ఇంకా చల్లబడలేదు, కింద వీళ్ళు పెద్ద పీపా ముందు నిలబడి "పెద్దవాణ్ణి, నేను కొడతా" అని ఒకడు, "చివరిదాకా ఆయనతో పని చేసింది నేను, నేను కొడతా" అని ఒకడు. నాకు ఒళ్ళు మండి సుత్తి లాక్కుని నేనే కొట్టాను. ఆడపిల్ల కొట్టకూడదని ఎక్కడా రాసి లేదు.

ఆ పెద్ద పీపా మా తాత చేయించింది. నాన్న వైన్ అంతా అందులోనే తయారయ్యేది. దాని బిరడా ఓక్ కర్రది, పిడికిలంత. నాన్న దాన్ని ఎన్నడూ చేత్తో పట్టి పీకలేదు. బిరడాకి ఇటుపక్క ఒక దెబ్బ, అటుపక్క ఒక దెబ్బ, పీపా చెక్క మీద మెల్లిగా. టక్, టక్. బిరడా దానంతటదే ఎగిరి ఆయన చేతిలో పడేది. చిన్నప్పుడు మేం ముగ్గురం అది చూడ్డానికే నేలమాళిగలోకి దిగేవాళ్ళం. క్విరిన్ అయితే చప్పట్లు కొట్టి "ఇంకోసారి నాన్నా, ఇంకోసారి" అని గోల చేసేవాడు.

మా ద్రాక్షతోట పేరు కాకిబండ. ఎంత వాలంటే, నిలబడి చెయ్యి చాపితే ముందున్న నేల చేతికి తగులుతుంది. నేలంటే మట్టి ఎక్కడ? అంతా పలక రాయి, నీలం నలుపు ముక్కలు, కాలు పెడితే గలగలమంటూ జారతాయి. ఒక్కో తీగా ఒక్కో గుంజకి కట్టి ఉంటుంది. మధ్యలో మనిషిన్నర ఎత్తు రాతి గోడ. గోడకి పైన పైమడి, కింద మోజెల్ నది దాకా కిందిమడి.

ఇలాంటి తోట పంచుకుంటే మా వాళ్ళు నిలువునా పంచుకుంటారు. కొండ నెత్తి నుంచి నది దాకా నిలువు చీలికలు. ప్రతివాడికీ కాస్త పైనా వస్తుంది, కాస్త కిందా వస్తుంది. అది తరతరాలుగా ఉన్న పద్ధతి. కానీ నిలువునా పంచుకుంటే పక్కపక్క వరసల్లో పని చెయ్యాలి కదా, పొద్దున్న లేస్తే మొహమొహాలు చూసుకోవాలి కదా! మా మొండిఘటాలకి అది కిట్టలేదు.

"గోడ ఉండనే ఉంది. పైది ఒకడికి, కిందిది ఒకడికి," అన్నాడు అన్నయ్య.

"సరే, అడ్డంగానే పంచుకుందాం. పీడా పోతుంది," అన్నాడు తమ్ముడు.

నెత్తీ నోరూ కొట్టుకున్నాను. తోటనేమన్నా రొట్టె అనుకున్నార్రా అడ్డంగా కొయ్యడానికి, అన్నాను. వింటేనా? నాన్న టోపీలో చీటీలు వేశారు. లాంబెర్ట్‌కి పైమడి, క్విరిన్‌కి కిందిమడి వచ్చాయి. నాకు ఇంట్లో సగం, నది గట్టు మీద కూరతోట. పెద్ద పీపా దగ్గర మళ్ళీ పేచీ. దాన్ని సగానికి కొయ్యలేరు, నేలమాళిగ గుమ్మంలోంచి బయటికీ తీయలేరు. "సరే, పీపా నువ్వే ఉంచుకో. నా సగం నేను పట్టుకుపోతున్నా," అని క్విరిన్ దాని బిరడా జేబులో వేసుకుని, వీధికి అవతల తన భార్య ఒటీలియా పుట్టింటి వాళ్ళిచ్చిన ఇంటికి వెళ్ళిపోయాడు. ఊరు ఊరంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఆ శరదృతువులోనే ఎవరి గానుగ వాళ్ళు ఆడించుకున్నారు. నాన్న చేసిన రీస్లింగ్ వైన్ ఎలా ఉండేదో మా ఊళ్ళో ఎవర్నడిగినా చెబుతారు. మొదట పులుపు నాలుకని లేపుతుంది, వెనకాలే పండిన తీపి వచ్చి దాన్ని కూర్చోబెడుతుంది, ఆ తర్వాత వాన పడ్డ పలక రాయిని నాకినట్టు ఒక ఉప్పదనం చాలాసేపు నోట్లో ఉండిపోతుంది. అదంతా ఒక్క చోటి నుంచి వచ్చింది కాదని అప్పుడు తెలిసింది. పైమడిలో మట్టి జానెడు కూడా లేదు. వేళ్ళు రాతి పగుళ్ళలో పడి నీళ్ళ కోసం లోపలికి లోపలికి పోవాలి. పండు చిన్నది, తోలు మందం, కాపు తక్కువ. అన్నయ్య వైన్ ఉత్త కత్తి. పులుపూ రాయీ తప్ప దయాదాక్షిణ్యం లేదు దాన్లో. కిందిమడిలో పై నుంచి కొట్టుకొచ్చిన మట్టి లోతుగా పేరుకుంది. పండు లావు, రసం ఎక్కువ. తమ్ముడి వైన్ మెత్తగా, తియ్యగా ఉండి ఈస్టర్ నాటికి చప్పబడిపోయింది. ఏటా కొనే వర్తకుడు వచ్చి రెండూ చప్పరించి, "మీ నాన్నది ఏదీ?" అన్నాడు. నేనేం చెప్పను? నాన్నది పోయిందన్నాను.

అసలు గొడవ రాళ్ళ దగ్గర మొదలైంది. వానలకి పైమడి పలకలు జారి, గోడ దాటి కిందిమడిలో పడతాయి. ఏటా చలికాలంలో వాటిని వీపు బుట్టల్లో ఎత్తుకుని మళ్ళీ పైకి మోసుకుపోవాలి. ఆ రాళ్ళే పగటి ఎండని దాచుకుని రాత్రి తీగకి వెచ్చదనం ఇచ్చేది, మట్టి కొట్టుకుపోకుండా పట్టి ఉంచేది. అవి లేకపోతే పైమడి బోడిగుండే. నాన్న ఉన్నప్పుడు అందరం కలిసి మోసేవాళ్ళం, వీపు బొబ్బలెక్కిపోయేది. ఇప్పుడు అన్నయ్య బుట్ట తగిలించుకుని కిందిమడిలో దిగేసరికి క్విరిన్ గేటు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఎక్కడికి?"

"నా రాళ్ళు తెచ్చుకోవడానికి."

"నీ రాళ్ళా? వాటి మీద నీ పేరుందా? నా నేలలో పడ్డది నాది."

"దొంగా! తాత చచ్చి ఏ లోకాన ఉన్నాడో గానీ నిన్ను చూస్తే ఉమ్మేస్తాడురా."

"ఉమ్మితే అది కూడా నా మళ్ళోనే పడుతుందిలే అన్నయ్యా."

ఇలాంటి వాటికి మాత్రం మా క్విరిన్ నోరు భలే లేస్తుంది. అవసరమైన మాట దగ్గర మాత్రం వాడి నోట్లో నాలుక ఉండదు. వాడి బుద్ధే అంత, చిన్నప్పుడు గాజు పగలగొట్టినా చెప్పేవాడు కాదు, ముక్కలు ఏరి దాచేవాడు.

అన్నయ్య ఏం చేశాడో తెలుసా? ఇంకో రాయి కూడా తమ్ముడికి దక్కకూడదని, ఆ గోడకి సిమెంటు పూశాడు. మా గోడలు ఉత్తి రాయి మీద రాయి పేర్చినవి, సందుల్లోంచి నీళ్ళు కారిపోతాయి. "గోడకి కూడా ఒంటేలు వస్తుంది, పోసుకోనివ్వాలి," అనేవాడు నాన్న. లాంబెర్ట్‌కి తెలియదా? బ్రహ్మాండంగా తెలుసు. పంతం ముందు తెలిసినవేవీ పనికిరావు. సందులన్నీ మూసి, అడుగున ఒకే ఒక్క మట్టిగొట్టం తూము పెట్టి, "చాల్లే, ఇది చాలు దానికి," అన్నాడు.

వానాకాలం కొండ నీళ్ళన్నీ ఆ ఒక్క తూములోంచే పిచికారీలా వచ్చి క్విరిన్ కొత్తగా నాటిన తీగల మీద పడ్డాయి. మొదళ్ళన్నీ కోసుకుపోయాయి. వాడు పరిగెత్తుకుంటూ వచ్చి మా వంటింటి కిటికీ కింద నిలబడి అరిచాడు. అన్నయ్య రొట్టె మీద కొవ్వు రాసుకుంటూ, తల కూడా తిప్పకుండా అన్నాడు:

"నీ నేలలో పడ్డది నీదే అన్నావు కదరా. నీళ్ళు కూడా ఉంచుకో."

నవ్వొచ్చింది నాకు, ఏం దాచను. ఆ తర్వాత కొద్ది రోజులకి తూములోంచి నీళ్ళు రావడం ఆగిపోయింది. మంచుకి గడ్డకట్టి ఉంటుంది అనుకున్నాడు అన్నయ్య. వేసవిలో నీళ్ళు లేవు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

ఇలా గడిచి గడిచి మూడో శరదృతువు నాటికి పైమడి తీగల వేళ్ళు బయటపడి ముసలివాళ్ళ చేతి నరాల్లా కనిపిస్తున్నాయి. తాత నాటిన తీగలు అవి. అన్నయ్య కోత మొత్తం కలిపి చిన్న పీపా కూడా నిండలేదు. ఆయనకి పెళ్ళి లేదు, పిల్లల్లేరు, ఆ మడి తప్ప ఇంకో ఆధారం లేదు. సాయంత్రాలు పొయ్యి దగ్గర కూర్చుని చేతులు చూసుకునేవాడు. ఇంకో ఏడాది రాళ్ళు పైకి ఎక్కకపోతే ఆ మడి చచ్చినట్టే, మా అన్నయ్య కూడా చచ్చినట్టే. అది నాకు తెలుసు, క్విరిన్‌కీ తెలుసు.

ఇక లాభం లేదని, జనవరిలో సెయింట్ విన్సెంట్ పండగ రోజు తమ్ముణ్ణీ ఒటీలియానీ భోజనానికి పిలిచాను. ద్రాక్ష పండించేవాళ్ళ పండగ అది, ఆ రోజు పిలిస్తే రానంటే పాపం తగులుతుంది. బంగాళదుంప అట్లు పోశాను. ఇద్దరూ బల్లకి చెరో చివర కూర్చుని అట్ల వైపు చూస్తున్నారు తప్ప ఒకరి వైపు ఒకరు చూడ్డం లేదు. నేను కూజా తెచ్చి నలుగురికీ పోశాను.

అన్నయ్య ఒక గుటక వేసి గ్లాసు కింద పెట్టాడు. మళ్ళీ ఎత్తాడు.

"నాన్నది ఇంకా ఉందా? ఎక్కడ దాచావే?"

క్విరిన్ తాగి కళ్ళు మూసుకున్నాడు.

"దాచడమేమిటి నా మొహం," అన్నాను. "నీది సగం, వాడిది సగం. ఒటీలియాని అడిగి ఒక సీసా తెచ్చి కూజాలో కలిపాను. మీ ఇద్దరి పంతాలూ పక్కన పెడితే నాన్న ఈ కూజాలోనే ఉన్నాడు. తాగండి, తాగి సిగ్గు తెచ్చుకోండి."

ఒటీలియా కళ్ళు తుడుచుకుంది. క్విరిన్ గ్లాసులోకి చూస్తూ అన్నాడు:

"నీ రాళ్ళు పడ్డాకే అన్నయ్యా, నా వైన్ కాస్త నిలబడింది. అందుకే ఇవ్వబుద్ధి కాలేదు."

"ఆ మాట అప్పుడే చెప్పొచ్చు కదరా. కొన్ని ఉంచుకోమనేవాణ్ణి."

"నువ్వు దొంగా అన్నావుగా."

"అంటాను. అన్నని. అనకూడదా?"

అంతే, అయిపోయింది. మూడేళ్ళు ఊరిని నవ్వించిన గొడవ మూడు ముక్కల్లో అయిపోయింది. శనివారం అందరం కలిసి రాళ్ళు పైకి మోద్దామనుకున్నాం. వేసవిలో గోడ సిమెంటు కొట్టి పారేస్తానన్నాడు అన్నయ్య. శరదృతువులో రెండు మళ్ళ పళ్ళూ పెద్ద పీపాలోకే. నాకు ఒళ్ళంతా తేలికైపోయి, "ఒరేయ్, ఆ పీపా ఎండి సందులు విచ్చింది, నీళ్ళు పోసి నానబెట్టాలి. దాని బిరడా తెచ్చి ఇవ్వు," అన్నాను.

క్విరిన్ చెవులు ఎర్రబడ్డాయి. "శనివారం తెస్తాలే అక్కా," అన్నాడు.

బిరడా ఎత్తుకుపోయినందుకు సిగ్గుపడుతున్నాడనుకున్నాను.

ఆ వారం మంచు పడింది, దాని మీద వెచ్చటి వాన పడింది. కొండ మీది మంచంతా కరిగి నేల నీళ్ళతో ఉబ్బిపోయింది. శనివారం తెల్లవారేసరికి వాన తెరిపిచ్చింది. అన్నయ్యా నేనూ వీపు బుట్టలు తగిలించుకుని బయల్దేరాం. ఒటీలియా గుమ్మంలో నిలబడి, "ఆయన ముందే వెళ్ళారు వదినా, నాకన్నా ముందు లేచి. ఎందుకో సుత్తి కూడా పట్టుకెళ్ళారు," అంది.

"చూశావా? ఎప్పుడూ నిద్ర లేవనివాడు నాకన్నా ముందు లేచాడు," అన్నాడు అన్నయ్య. ఆయన మొహంలో వెలుగు చూసి ఎన్నాళ్ళైందో.

కిందిమడి గేటు దాటుతుంటే చప్పుడు వినిపించింది. టక్, టక్. కాస్త ఆగి మళ్ళీ టక్, టక్.

"అదేమిటే, నాన్న కొట్టినట్టు కొడుతున్నాడు. పీపా ఏమన్నా కొండెక్కించాడా?" అని నవ్వాడు అన్నయ్య.

దారి మలుపు తిరిగాం. క్విరిన్ గోడకి ఆనుకుని వంగి నిలబడి, తూము చుట్టూ సుత్తితో తడుతున్నాడు. ఇటో దెబ్బ, అటో దెబ్బ, పీపా మీద కొట్టినంత జాగ్రత్తగా. ఆ గోడ అప్పటికే కడుపు వచ్చినట్టు ముందుకి ఉబ్బి ఉంది. సిమెంటు పొడవునా చీలి నీళ్ళు చెమటలా కారుతున్నాయి. దగ్గరగా నిలబడ్డవాడికి ఆ ఉబ్బు కనిపించదు, మా దూరానికి కనిపించింది.

"క్విరిన్! వదిలెయ్! ఇవతలికి రారా! వచ్చెయ్!" అన్నయ్య గొంతు చించుకుని అరిచాడు.

సరిగ్గా అప్పుడే తూములోంచి ఏదో ఎగిరి వాడి చేతిలో పడింది. వాడు మా వైపు తిరిగి, చెయ్యెత్తి దాన్ని చూపించి నవ్వాడు. చిన్నప్పుడు నేలమాళిగలో నవ్వేవాడే, అలాగే. నీళ్ళు వాడి నడుం మీద బలంగా కొట్టాయి. ఆ వెనకాలే గోడ వచ్చేసింది.

గోడ, దాని వెనకున్న మట్టి, పైమడి రాళ్ళు, తాత తీగలు, గుంజలు, అన్నీ కలిసి వచ్చేశాయి. మేం చేతుల్తో తవ్వాం. ఊరంతా వచ్చి తవ్వింది. పలక రాయి అంచులు గోళ్ళు ఊడదీశాయి. అన్నయ్య ఒక్కో రాయీ తీస్తూ వెనక్కి విసిరేస్తున్నాడు. మూడేళ్ళు వాటి కోసమే కదా అంత యుద్ధం, ఇప్పుడు ఎటు పడుతున్నాయో కూడా చూడ్డం లేదు. వాణ్ణి బయటికి తీసేసరికి ప్రాణం లేదు. కుడిచెయ్యి పిడికిలి బిగుసుకుని ఉంది. వేళ్ళు ఒక్కొక్కటే విప్పితే లోపల నాన్న పీపా బిరడా.

అన్నయ్య దాన్ని చేతిలోకి తీసుకుని చూశాడు, తూము ఉన్న చోటు వైపు చూశాడు. ఆనాడు తూములో నీళ్ళు ఎందుకు ఆగాయో, వాడు ఎందుకు మాకన్నా ముందు వచ్చాడో, అంతా అర్థమైపోయింది. మేం చూడకముందే తీసేసి, ఏమీ ఎరగనట్టు నా చేతిలో పెడదామనుకున్నాడు, వెర్రి నాయన.

"ఒక్క మాట చెప్పుంటే నేనే పీకేవాణ్ణి కదరా," అన్నాడు అన్నయ్య వాడి మొహంలోకి వంగి. "తిట్టేవాణ్ణి. తిట్టి, పై నుంచి గోడ విప్పి, నీళ్ళు వదిలి, అప్పుడు పీకేవాణ్ణి. ఒక్క మాట రా."

నాకు ఇద్దరి మీదా కోపం వచ్చింది. ఆ కోపం ఇవాళ్టికీ ఉంది. సిమెంటు పూసిన చేతుల మీదా కోపమే, బిరడా కొట్టిన చేతుల మీదా కోపమే. ఏడుపొచ్చినప్పుడల్లా ముందు కోపమే వస్తుంది.

మధ్యాహ్నం క్విరిన్ ఇంటి నేలమాళిగలో పీపాలకి చెప్పాలి. అన్నయ్య సుత్తి పట్టుకుని వీధి దాటి వెళ్ళాడు. ఒటీలియా గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"మీరు కాదు బావగారూ. మీరు లోపలికి రావద్దు."

ఆయన సుత్తి నా చేతికిచ్చి వెనక్కి తిరిగాడు. మళ్ళీ నేనే దిగి, మళ్ళీ నేనే కొట్టి చెప్పాను. మీ యజమాని పోయాడు. ఇంత చిన్నవాడు మీకు యజమాని అయి మూడేళ్ళే అయింది, పోయాడు. వైన్‌కి ఏం తెలుసు పాపం.

ఆ ఏడాదంతా లాంబెర్ట్ ఒక్కడే గోడ కట్టాడు. చుక్క సిమెంటు లేదు, ఉత్తి రాయి మీద రాయి, సందులు సందులుగానే ఉంచి. కిందిమడిలోంచి రాళ్ళన్నీ వీపు మీద పైకి మోశాడు. ఎవరైనా సాయానికొస్తే పంపించేశాడు. ఒటీలియా ఆయనతో మాట్లాడలేదు. కానీ కిందిమడి గేటుకి గొళ్ళెం పెట్టడం మానేసింది. శరదృతువులో ఒక పొద్దున్న ఆమె కోసిన పళ్ళ బళ్ళు వచ్చి మా గానుగ ముందు ఆగాయి.  పైమడిలో బతికిన తీగలు ఇచ్చినదీ, కిందిమడిదీ కలిసి పెద్ద పీపా సగానికి పైన వచ్చింది.

వసంతంలో వర్తకుడు వచ్చి గుటక వేసి, "ఇదీ మీ నాన్నది!" అని గట్టిగా అన్నాడు. అన్నయ్య లేచి బయటికి వెళ్ళిపోయాడు. ఆయన ఆ పీపాలోది ఇంతవరకూ ఒక్క చుక్క నోట పెట్టలేదు.

బిరడా దాని చోట్లోనే ఉంది. వైన్ చూడాలన్నా, తగ్గింది నింపాలన్నా దాన్ని తియ్యాలి కదా. తియ్యడానికి వేరే దారి లేదు, ఇటో దెబ్బ, అటో దెబ్బ కొట్టాల్సిందే. నేను సుత్తి చేతిలోకి తీసుకుంటే చాలు, అన్నయ్య బుట్ట తగిలించుకుని, పని ఉన్నా లేకపోయినా కొండ వైపు వెళ్ళిపోతాడు. ఆయన వీధి మలుపు తిరిగేదాకా ఆగి, అప్పుడు కొడతాను.